వన్ టౌన్ వాకిట హెచ్‌ఐవీ చరిత్ర



పోర్టు, లారీలు, ఓడ దిగిన నావికులు. విశాఖ వన్ టౌన్‌లో హెచ్‌ఐవీ మాటెత్తితే చాలాకాలం వేళ్లన్నీ అటే చూపించాయి. ‘అది వాళ్ల జబ్బు’ అన్నారు. లెక్కలు ఆ మాటను నిలబడనివ్వలేదు.

మన దేశంలో ఈ వైరస్ తొలిసారి బయటపడింది 1986లో, చెన్నైలో. డాక్టర్ సునీతి సోలోమన్ మార్గదర్శకత్వంలో సెల్లప్పన్ నిర్మల సేకరించిన నమూనాలను వెల్లూరులో పరీక్షించారు. తరువాతి ఏళ్లలో గర్భిణుల క్లినిక్కుల్లో ఓ నిఘా మొదలైంది. సిఫిలిస్ పరీక్షకు తీసిన రక్తంలో మిగిలిన కాస్తనూ, సీసా మీది పేరు తీసేసి, హెచ్‌ఐవీకి పరీక్షించేవారు. రక్తం ఎవరిదో తెలియదు, ఎందరిలో ఉందో తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య ఒక శాతం దాటింది. వైరస్ సోకిన ఆ గర్భిణుల్లో ఎక్కువమంది భర్త తప్ప వేరే మగవాణ్ణి ఎరగని ఇల్లాళ్లు.

‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అని జనాన్ని అప్రమత్తం చేసే హోర్డింగులు ఊరూరా వెలిసింది ఆ రోజుల్లోనే.

2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఇళ్లకే వెళ్లి రక్తం తీసుకుంది. దాంతో దేశంలో 50 లక్షలు దాటిందనుకున్న హెచ్‌ఐవీ బాధితుల సంఖ్య 2007లో సుమారు 25 లక్షలకు దిగింది. మనకు మాత్రం ఊరట లేదు. దేశ సగటు 0.28 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌ది 0.97. గుంటూరు, ప్రకాశం, గోదావరి జిల్లాల పల్లెలూ ఆ లెక్కలో ఉన్నాయి. తప్పంతా రేవుదే అనడం అన్యాయం.

మనిషిని పడగొట్టేది ఎక్కువగా వైరస్ వెంట వచ్చే జబ్బులు. ఒంటికి కాపలా కాసే సీడీ4 కణాలు తగ్గేకొద్దీ, ఒంట్లో ఎన్నేళ్లుగానో నిద్రపోతున్న క్షయ క్రిమి లేస్తుంది. తగ్గని దగ్గు, సాయంత్రపు జ్వరం, కరిగిపోయే బరువు. హెచ్‌ఐవీ ఉన్నవారి ప్రాణాలు ఎక్కువగా తీసింది ఈ క్షయే. అందుకే ఒక జబ్బు తేలితే రెండోదానికీ పరీక్ష చేస్తారు.

2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట్లో సీడీ4 బాగా పడిపోయినవారికే ఇచ్చేవారు. 2017 నుంచి పాజిటివ్ అని తేలిన వెంటనే ఇస్తున్నారు. మందులు మానకుండా వాడి, పరీక్షలో వైరస్ కనిపించని స్థాయికి చేరితే లైంగికంగా ఇతరులకు సోకదు. తల్లి వాడితే నూటికి తొంభై అయిదుకు పైగా బిడ్డలు క్షేమంగా పుడతారు. ఉద్యోగంలో, బడిలో, ఆసుపత్రిలో వివక్ష చూపడాన్ని 2017 చట్టం నిషేధించింది.

వన్ టౌన్‌లో కాన్పులు చేసే ఘోషాసుపత్రికి పరీక్షకు వెళ్లే కోడలి వెంట కొడుకునూ పంపండి, అతని రక్తమూ పరీక్షించమనండి. సందేహముంటే 1097కు ఫోన్ చేయండి, ఖర్చు లేదు.