అడుగున మిగిలిందీ మన సొమ్మే!

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగపాఠం)



పోయిన నెల జమ్మలమడుగులో మా చెల్లెలి ఇంటికి వెళ్లాను. స్నానాల గదిలో షాంపూ సీసా ఒకటి చెంబులో తలకిందులుగా నిలబెట్టి ఉంది. నన్ను చూడగానే అది గబగబా తీసి దాచేసింది. “ఎందుకే దాస్తావు?” అన్నాను. “మొన్న పులివెందుల నుంచి మా ఆడబిడ్డ వచ్చి చూసి, ‘మీ ఇంట్లో సీసాలు కూడా శీర్షాసనం వేస్తాయా వదినా?’ అని నలుగురిలో నవ్విందక్కా. సిగ్గుతో తల ఎత్తుకోలేకపోయాను” అంది.

నాకు మాత్రం నవ్వు రాలేదు. ప్రొద్దుటూరు తిరిగి వచ్చాక ఒక పని చేశాను. ఇంట్లో “అయిపోయింది” అని పక్కన పెట్టిన లోషన్ సీసా ఉంది. పంపు ఎంత నొక్కినా గాలి తప్ప ఏమీ రావడం లేదు. మా ఊళ్లో బంగారం అంగళ్లకు కొదువ లేదు కదా! తెలిసిన అంగట్లో త్రాసు మీద దాన్ని తూయించాను. ఇంటికొచ్చి, సీసా కోసి, లోపలున్నదంతా గీకి, కడిగి, ఆరబెట్టి, ఆ ముక్కలన్నీ పట్టుకెళ్లి మళ్లీ తూయించాను. తేడా ఎంతో తెలుసా? 44 గ్రాములు! సీసా మీద రాసింది 400 మిల్లీలీటర్లు. అంటే నూటికి పది వంతుల పైమాటే. నాలుగు వందలు పెట్టి కొంటే నలభై రూపాయలు చెత్తబుట్ట పాలన్నమాట.

ఇది మన ఒక్కరి గొడవ కాదు. 2009లో అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక వారు ఇలాగే పరీక్షించి చూస్తే, కొన్ని లోషన్ సీసాల్లో నాలుగో వంతు దాకా లోపలే ఉండిపోయిందట.

ఎందుకిలా అవుతుంది? పంపు నొక్కి వదిలినప్పుడు లోపలి స్ప్రింగు పైకి లేస్తుంది. గొట్టం సరుకును పైకి పీల్చుకుంటుంది. గొట్టం కొన కంటే సరుకు కిందికి దిగిందంటే ఇక పీల్చేది గాలినే. పైగా లోషన్ లాంటి చిక్కటి సరుకు గోడలకు పట్టుకుని కిందికి జారదు. సీసా మీద రాసే పరిమాణం లోపల నింపినదానిదే. మన చేతికి ఎంత వస్తుందో ఎవరూ రాయరు!

మరి మనమేం చేయాలి? పంపు తడబడగానే మూత తిప్పి చూడండి. గొట్టం ఏ పక్కకు వంగి ఉందో ఆ పక్కకు సీసాను వాల్చి నొక్కండి. అదీ అయిపోతే పంపు తీసేసి, సరిపడే పాత మూత బిగించి, చెంబులో రాత్రంతా తలకిందులుగా నిలబెట్టండి. షాంపూ, చేతులు కడిగే సబ్బు, గిన్నెలు తోమే ద్రవం అయితే చివర్లో కొంచెం నీళ్లు పోసి కలిపి, ఆ రోజే వాడేయండి.

లోషన్‌లో మాత్రం నీళ్లు పోయకండమ్మా. ఒక ఎండాకాలం నేనూ ఆ తప్పు చేశాను. రెండు వారాలకే వాసన వచ్చి మొత్తం పారబోశాను. నీళ్లు కలిస్తే చెడిపోకుండా వేసిన మందు పలచబడి, క్రిములు పెరుగుతాయి. సీసా కోసి, శుభ్రమైన చిన్న డబ్బాలోకి తీసుకుని, త్వరగా వాడుకోండి.

ఇంకొక మాట. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను, బ్లీచింగ్ ద్రవాన్ని మాత్రం “కొంచెమే మిగిలింది కదా” అని ఒకదాంట్లో ఒకటి పోయకండి. విషవాయువు పుడుతుంది. ప్రాణం మీదికి వస్తుంది.

ఇంత తంటా మనకే ఎందుకు? సీసా తయారుచేసేవాళ్లు తలుచుకుంటే కష్టమేమీ కాదు. అడుగును గరాటులా చేసి, గొట్టం కొన సరిగ్గా పల్లానికి వచ్చేలా పెట్టవచ్చు. అడుగునున్న పళ్లెం పైకి జరుగుతూ సరుకును నెట్టే పంపులు ఇప్పటికే ఉన్నాయి, కాకపోతే ఖరీదెక్కువ. మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన కృప వారణాసి గారు అమెరికాలోని ఎం.ఐ.టి.లో తన విద్యార్థులతో కలిసి సీసా లోపలి గోడకు జారుడు పూత కనిపెట్టారు. 2012లో ఆ పూత పూసిన సీసాలోంచి టొమాటో సాస్ చుక్క మిగలకుండా జారిపోవడం చూసి లోకం ఆశ్చర్యపోయింది. అంత గొప్పవి మనకిప్పుడే అందకపోయినా, కొనేటప్పుడు మూత తిరిగి వస్తుందా, తలకిందులుగా నిలుస్తుందా అని చూసుకోవడం మన చేతిలో పనే. చిన్న ప్యాకెట్లు కొందామంటే, వాటి చెత్త కాలవల నిండా చేరుతోంది.

కంసాలి అంగట్లో నేల ఊడ్చిన దుమ్ములోంచి కూడా బంగారం రజను తీస్తారు. ఆయన్ను పనిమంతుడంటాం గానీ పిసినారి అనం. మరి ఇంట్లో సీసా తిరగేసిన ఇల్లాలు పిసినారి ఎలా అవుతుంది? మా చెల్లెలికి ఈ మాటే చెప్పాను. ఇప్పుడా సీసా దాచడం లేదు. “అడుగున ఉన్నదీ మా సొమ్మే వదినా” అంటోందట!