తలనొప్పియు, కంటిచూపును
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పల్లెలలో తలనొప్పికి మందు చెప్పనివారుండరు. శొంఠి అరగదీసి పట్టు వేయుమని ఒకరు, పైత్యము చేసినదని ఒకరు, దిష్టి తగిలినదని వేరొకరు చెప్పుదురు. వీనితోపాటు మరియొక మాటయు వినబడుచుండును: కళ్లజోడు పెట్టించిన నొప్పి పోవునని. ఈ మాటలో కొంత నిజము కలదు. అది ఎంతయో తెలియుట గ్రంథాలయమునకు వచ్చువారికి అవసరము. ఏలయన, గంటలకొలది చదువువారే తలనొప్పికి ముందుగా కంటిని తప్పుపట్టుదురు.

ఈ సంగతిని వైద్యులు సైతము ఆలస్యముగానే గ్రహించిరి. హాలెండు దేశపు ఉట్రెక్టు నగర వైద్యుడు డాండర్స్ 1864లో ప్రకటించిన గ్రంథమున, దీర్ఘదృష్టి గలవారి కళ్లు దగ్గరి పనిలో త్వరగా అలసిపోవుటకు కారణము వివరించెను. అమెరికాలో ఫిలడెల్ఫియా వైద్యుడు వెయిర్ మిచెల్ 1876లో, కంటి శ్రమ వలన కలుగు తలనొప్పిని గూర్చి వ్యాసము వ్రాసెను. పిదప కొందరు ప్రతి తలనొప్పిని కంటికే అంటగట్టసాగిరి. అదియు పొరపాటే. తలనొప్పులలో అధికభాగము పార్శ్వపు నొప్పియో, తల మెడ కండరముల బిగువు వలన వచ్చునదియో అయి యుండును. కంటిదోషము పాలు స్వల్పము.

ఆ స్వల్పభాగము ఎవరికి వచ్చును? పలక మీది అక్షరములు కానరాని హ్రస్వదృష్టి పిల్లవానికని పలువురు తలంతురు. నిజమునకు వానికి చూపు మసకయే గాని నొప్పి అరుదు. దీర్ఘదృష్టి గల పిల్లవాని సంగతి వేరు. వాడు దూరపు బోర్డును చక్కగా చదువును, పుస్తకమును చదువును. కాని ప్రతి అక్షరమునకు కంటిలోని సన్నని కండరము బిగియుచు, కటకమును ఉబ్బించుచుండవలెను. సాయంకాలమునకు కనుబొమల పైని నొప్పి. బడిలో చూపు పరీక్షలో వాడు నెగ్గును. ఇంట చదువు తప్పించుకొనుటకు సాకులు చెప్పుచున్నాడని దెబ్బలు తినును. నల్లగుడ్డు పైపొర వంపు అన్ని దిక్కుల సమముగా లేనివారికిని ఇట్లే జరుగును. సెలవు దినములందు నొప్పి లేకుండుట, చదివిన కొంతసేపటికి మొదలగుట, కన్ను మూసి పండుకొనిన తగ్గుట – ఇవి కంటి తలనొప్పి గుర్తులు. తెల్లవారి లేవగానే వచ్చు నొప్పి కంటి శ్రమ వలన వచ్చినది కానేరదు. రాత్రియెల్ల కన్ను విశ్రమించియే యున్నది గదా.

నలుబది యేండ్ల వయస్సున చత్వారము వచ్చును. ఆ పేరే నలుబదిని తెలుపును. కటకము గట్టిపడి, దగ్గరి చూపునకు వంగదు. సేద్యగానికి దీని బాధ కొంత ఆలస్యముగా తెలియును. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కువారికి, చిలకలపూడిలో నగలకు రాళ్లు పొదుగువారికి వెంటనే తెలియును; పని చేతికి దూరముగా జరుపుచు, వెలుగు చాలలేదని దీపమును నిందింతురు. తిరునాళ్లలో కొనిన జోడు తాత్కాలికముగా పనికి వచ్చునేమో గాని, దానిలో రెండు కళ్లకు ఒకే బలము. పైగా కంటిలోని ఒత్తిడి చూచువారచట ఉండరు.

పార్శ్వపు నొప్పిలో చూపు చెదరుట మరియొక తెగ. నొప్పికి ముందు కొందరికి కోటగోడ అంచువలె వంకరటింకర వెలుగు గీతలు కనబడి, ఇరువది ముప్పది నిమిషములలో మాయమగును. అది మెదడులో పుట్టునది. జోడు మార్చిన లాభము లేదు.

ఇక అసలు భయపడవలసినది. యేబది దాటినవారిలో, అందును స్త్రీలలో ఎక్కువగా, ఒకనాటి సాయంత్రము ఒకవైపు తల పగిలిపోవునట్లు నొప్పి, వాంతులు, కన్ను ఎఱ్ఱబారుట, దీపము చుట్టు రంగుల వలయములు, చూపు మసక – ఇవి కలిసి వచ్చినచో అది పైత్యము కాదు. అది నీటికాసుల దాడి. కంటిలో నిరంతరము ఊరు నీరు బయటికి పోవు మార్గము కొందరిలో ఇఱుకు. చీకటిలో కంటిపాప విప్పారినపుడు ఆ మార్గము మూసికొనిపోవును. సినిమాలకు పేరుపడిన విజయవాడవంటి పట్టణమున ఆటశాల చీకటిలోను ఇట్లు మొదలు కావచ్చును. కంటి ఒత్తిడి సాధారణముగా 10 నుండి 21 మిల్లీమీటర్ల పాదరసము. ఈ దాడిలో 50 దాటవచ్చును. వాంతులు చూచి కడుపునకు మందిచ్చి, శొంఠిపట్టు వేసి తెల్లవారువరకు వేచిన ఇంట, తెల్లవారుసరికి ఆ కన్ను వెలుగు కోల్పోయి యుండవచ్చును. సకాలమున చేర్చినచో మందులతో ఒత్తిడి దించి, లేజరు కిరణముతో చిన్న రంధ్రము చేయుదురు. రెండవ కంటికిని ముందుజాగ్రత్తగా అదే చేయుదురు.

ఉదయపు నొప్పితో వాంతులు, ఒకటి రెండుగా కనబడుట, వంగినపుడు చూపు చీకట్లు క్రమ్ముట ఉన్నచో ఒక్కదినమైన ఆగరాదు. తలలో ఒత్తిడి పెరిగినదేమో, కంటి వెనుక నరము ఉబ్బినదేమో చూడవలెను. 1851లో జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ చేసిన పరికరము వలన కంటి లోపలి పొరను చూచుట సాధ్యమైనది.

వైద్యసదుపాయము దూరము కాదు. పూర్వము 1935లో పాతూరి నాగభూషణము గారు పడవ గ్రంథాలయమును కాలువపై నడిపి పుస్తకములను పల్లెలకు చేర్చిరి. కంటి వైద్యము అంతటి చొరవతో పల్లెకు చేరుటకు చాలకాలము పట్టినది. 1996 – 2000 నడుమ పశ్చిమ గోదావరి మొదలగు జిల్లాలలోను, హైదరాబాదులోను పదివేలకు పైబడిన ప్రజలను పరీక్షింపగా, అంధులలో సుమారు ఆరుగురికొకరు తగిన అద్దములు లేకయే అట్లున్నారని తేలినది. 2011లో తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవారి శాఖ వెలసినది. 2019 అక్టోబరు 10న రాష్ట్రమున ప్రారంభమైన కంటివెలుగు పథకమున తొలుత బడిపిల్లల కళ్లను పరీక్షించిరి.

వైద్యుని కడకు పోవుటకు ముందు చేయదగిన పని యొకటి కలదు. గోడ పంచాంగమున నొప్పి వచ్చిన దినములను గుర్తించి, ప్రక్కన ఉదయమో సాయంత్రమో, చదివిన పిదపనో ఊరకనో, వాంతి అయినదో లేదో వ్రాసికొనవలెను. ఒక నెల కాగితము చూపినచో వైద్యుడు అడుగవలసిన ప్రశ్నలలో సగము తీరిపోవును. కాని ఎఱ్ఱని కన్ను, రంగుల వలయము కనబడిననాడు ఆ కాగితము కొరకు వెదకుచు కూర్చుండరాదు, బండి కట్టించవలెను.