సీనాయి మఠపు వ్రాతప్రతులు

సీనాయి పర్వతపాదమున సెయింట్ కాథరిన్ మఠమున్నది. జర్మన్ పండితుడు టిషెండార్ఫ్ ప్రాచీన బైబిలు ప్రతులను వెదకుచు 1844, 1853, 1859 సంవత్సరములలో అచటికి వెళ్లెను. నాల్గవ శతాబ్దమునాటి గ్రీకు చర్మపత్ర గ్రంథమును, తిరిగి యిత్తునని రసీదు వ్రాసియిచ్చి, 1859లో కొనిపోయెను. అది రష్యా చక్రవర్తికి చేరినది. 1869లో మఠము దానపత్రము వ్రాసినను వివాదము ముగియలేదు. 1933లో సోవియట్ ప్రభుత్వము లక్ష పౌనులకు దానిని బ్రిటనుకు అమ్మివేసెను. నేటికిని అధికభాగము లండనులోనే యున్నది.

1892లో కవల సోదరీమణులు ఆగ్నెస్ లూయిస్, మార్గరెట్ గిబ్సన్ ఒంటెలపై అదే మఠమునకు వెళ్లిరి. పాత వ్రాత చెరిపి, వేరొక గ్రంథము వ్రాసిన పత్రముల అడుగున పురాతన సిరియాక్ సువార్తలు ఆగ్నెస్ కంటబడినవి. వారు ఛాయాచిత్రములు తీసికొని, ప్రతిని అచటనే విడిచివచ్చిరి.

శ్రోతలారా! గ్రంథమును లోకమునకు తెలుపుటకై దానిని ఇల్లు కదల్పనక్కరలేదని ఆ సోదరీమణులు నిరూపించిరి.