కుండీలో అవ్వ కరివేపాకు



మన తాతలు బాగన్ దాతు కొబ్బరి తోటల్లో చెమటోడ్చారు. ఆ కొబ్బరి పీచు పొట్టులోనే మేము ఫ్లాటు వసారాలో అవ్వ చెట్టు పిలకను పెంచుతున్నాము.

ఒకసారి దాని లేతాకులు పసుపుబారాయి. ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. ఎరువు చాలలేదని మరింత వేశాము. మొక్క ఇంకా వాడింది. కొలిచి చూస్తే కుండీ అడుగున కారే నీటి పి.హెచ్. 7.5 దాటింది. అంత క్షారంలో ఇనుము ఉన్నా వేళ్ళకు అందదు.

కొత్త పొట్టును ఉప్పు పోయేదాకా కడిగి, కాల్షియం నైట్రేటు నీటిలో నానబెట్టి, మళ్ళీ కడిగి మొక్కను మార్చాము. ఇప్పుడు ఎరువు కలిపాక కొలిచి, కొద్దిగా సిట్రిక్ ఆమ్లంతో 5.8–6.2 మధ్యకు తెచ్చి పోస్తున్నాము. చిగురు పచ్చగా వచ్చింది.

పిలకలు కావలసినవారు సభ ముగిశాక అడగండి. అవ్వ చెట్టు మనందరిదీ.