నమ్మకాన్ని పరీక్షకు పెట్టండి



వరి కోతలప్పుడు మన కంటి ఆసుపత్రులకు వచ్చే రోగులను, నేడు పట్టాలు అందుకుంటున్న యువ నేత్ర వైద్యులైన మీరంతా చూశారు. నూర్పిళ్లలో కంట్లో గడ్డిపరకో, వడ్లగింజో కొట్టుకుంటుంది. ముందు ఆకుపసరు పోస్తారు, తర్వాత మందుల షాపులో ఇచ్చిన స్టెరాయిడ్ చుక్కలు వేసుకుంటారు. మన దాకా వచ్చేసరికి నల్లగుడ్డు మీద తెల్లగా పుండు. దాన్ని గీరి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద పెడితే కొమ్మలు చాచిన ఫంగస్ పోగులు కనిపిస్తాయి.

ఏ మందు వేయాలి? నాటామైసిన్ పాతది. వొరికొనజోల్ కొత్తది, కంటి లోపలికి బాగా ఇంకుతుంది. కొత్తదే మేలని చాలామంది నమ్మారు. దక్షిణ భారతంలోని అరవింద్ కంటి ఆసుపత్రులు, అమెరికాలోని ప్రోక్టర్ ఫౌండేషన్ కలిసి ఆ నమ్మకాన్ని పరీక్షించాయి. మొత్తం 323 మంది రోగులు. ఎవరికి ఏ మందు పడుతోందో వాళ్లకూ తెలియదు, చూసే డాక్టర్లకూ తెలియదు. 2013లో వెలువడిన ఫలితాల్లో పాత మందే గెలిచింది. నల్లగుడ్డుకు చిల్లుపడటం, మార్పిడి చేయాల్సి రావడం వొరికొనజోల్ వాడినవారిలోనే ఎక్కువ. ఫ్యుజేరియం అనే ఫంగస్ సోకినవారిలోనైతే నాటామైసిన్ వాడినవారి చూపు పట్టిక మీద దాదాపు నాలుగు వరుసలు మెరుగ్గా ఉంది. వచ్చే బస్సు బోర్డు సొంతంగా చదువుకోవాలంటే ఆ నాలుగు వరుసలే కావాలి.

ఈ జ్ఞానం మనకు ఇచ్చింది నొప్పితో కన్ను తెరవలేని స్థితిలోనూ ఆ పరీక్షకు సరేనన్న రోగులు. అందుకే పరిశోధనలో చేరమని అడిగేటప్పుడు వాళ్ల మాటల్లో చెప్పండి. వద్దనే హక్కు ఉందని, వద్దన్నా వైద్యం ఆగదని చెప్పాకే వేలిముద్ర తీసుకోండి. మళ్లీ చూపించుకోవడానికి రాని రోగిని లెక్కలోంచి కొట్టేయకండి. కూలి పోతుందని ఆగిపోయాడేమో, ఫోన్ చేసి కనుక్కోండి. నయమైన కళ్లతో పాటు నయం కానివాటినీ అంతే శ్రద్ధగా రాసిపెట్టండి. ఏ కొత్త మందు వచ్చినా, దేనితో పోల్చి చూశారు, ఎంతమందిలో చూశారు అని అడగండి.

జిల్లా ఆసుపత్రిలో పనిచేసినా ఈ ప్రశ్నలు మీవే. అడుగుతూనే ఉండండి.