మోతాదు గురించి అడిగే హక్కు

(శంషాబాద్‌లో మహిళల ఆరోగ్య హక్కులపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను రక్త క్యాన్సర్ గురించి మాట్లాడమన్నారు. నేను డాక్టరును కాను. బడిలో పిల్లలకు లెక్కలు చెప్పే టీచర్ని. నాకు క్రానిక్ మైలాయిడ్ లుకేమియా ఉంది, డాక్టర్లు పొట్టిగా సీఎంఎల్ అంటారు. 2012 నుంచీ రోజూ దానికి గోలీ వేసుకుంటున్నాను. ఆ గోలీయే నన్ను బతికించింది, అందులో రెండో మాట లేదు. కానీ దాన్ని ఎంత మోతాదులో వేసుకోవాలనే విషయం మీద ఒక డాక్టరు నన్ను కూచోబెట్టి మాట్లాడడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఇవాళ నేను చెప్పదల్చుకున్నది ఆ తొమ్మిదేళ్ల సంగతి.

జబ్బు గురించి కొంచెం చెప్తాను. ఎముక మూలుగలో ఏదో ఒక కణంలో 9వ క్రోమోజోము, 22వ క్రోమోజోము తమ ముక్కలు మార్చుకుంటాయి. అతుకు పడ్డచోట బీసీఆర్-ఏబీఎల్ అనే కొత్త జన్యువు తయారవుతుంది. అది తెల్ల కణాలను చెయ్యి, ఇంకా చెయ్యి అని ఆగకుండా పురమాయిస్తూ ఉంటుంది. పొట్టిదైపోయిన ఆ 22వ క్రోమోజోమును 1960లో ఫిలడెల్ఫియాలో చూశారు. అది 9తో ముక్క మార్చుకోవడం వల్ల జరిగిందని 1973లో తేల్చింది జానెట్ రౌలీ అనే అమెరికన్ మహిళ. నలుగురు కొడుకులను పెంచుతూ, క్రోమోజోముల ఫోటోలను ఇంట్లో భోజనాల బల్ల మీద కత్తిరించి పేర్చుకుని చూసేదట. మన వంటింటి బల్లల మీద ఏమేం తేలుతాయో ఎవరికి తెలుసు!

ఈ జబ్బు అంటుకోదు. తల్లిదండ్రుల నుంచి రాదు. ఇది నొక్కి ఎందుకు చెప్తున్నానంటే, నా చెవినబడేలాగే "పెండ్లికి ముందే ఉండె గావచ్చు, దాచి చేసిండ్రు" అన్నవాళ్లున్నారు. అదే మా ఆయనకు వచ్చి ఉంటే ఆ మాట పుట్టేదే కాదు.

2001కి ముందు ఈ జబ్బు వస్తే ఎక్కువమందికి మూడు నుంచి ఐదేళ్ల బతుకు. మూలుగ మార్పిడి అందరివల్లా అయ్యేది కాదు. ఆ ఏడు ఇమాటినిబ్ అనే మందు వచ్చింది. నోవార్టిస్ కంపెనీ దాన్ని గ్లివెక్ పేరుతో అమ్మింది, మనదేశంలో నెలకు లక్షా ఇరవై వేల దాకా. ఇక్కడి నుంచి బెంగుళూరు రోడ్డు మీద కాస్త ముందుకు పోతే వచ్చే కొత్తూరులో ఫ్యాక్టరీ ఉన్న నాట్కో కంపెనీ 2003లో అదే మందును వీనాట్ పేరుతో తెచ్చింది. మన కంపెనీల మందు నెలకు ఎనిమిది, పది వేలకు వచ్చింది. నోవార్టిస్ పేటెంటు కోసం కోర్టుల వెంట తిరిగింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఆ దరఖాస్తును కొట్టేసింది. పాత మందునే కొంచెం మార్చి కొత్త పేటెంటు అడిగితే కుదరదని మన పేటెంటు చట్టంలో 3(డి) సెక్షన్ ఉంది, దాని ఆధారంగా. ఆ రోజు మా స్టాఫ్ రూంలో పేపరు నేనే చదివి వినిపించాను. చాలామందికి అది ఏదో కంపెనీల తగాదా. నాకది నెల జీతం.

సరే, మందు దొరికింది, ధర దిగింది. ఇక ఒంటి సంగతి. పొద్దున లేచేసరికి కళ్లచుట్టూ ఉబ్బు. రాత్రి పిక్కలు పట్టేసి, మంచం మీద నుంచి దిగి గోడ పట్టుకుని నిలబడేదాన్ని. కడుపులో తిప్పు. అన్నిటికన్నా అలసట. మూడో పీరియడ్ అయ్యేసరికి బోర్డు మీద చెయ్యి లేచేది కాదు. ఇంకొకటి వింటే మీరు నవ్వుతారు. ఈ మందుకు ఒంటి రంగు పలచబడుతుంది, మనలాంటి చామనచాయ వాళ్లలో బాగా కనిపిస్తుంది. మా అత్తమ్మ తరఫు చుట్టాలు పెళ్లిలో కలిసి, "ఏం రాస్తున్నవ్ బిడ్డా, మంచిగ తెల్లబడ్డవ్" అని అడిగారు. జబ్బుకు కూడా మెచ్చుకోలు దొరికే దేశం మనది.

అందరికీ మొదలుపెట్టే మోతాదు రోజుకు 400 మిల్లీగ్రాములు. తొంభై కిలోల మగమనిషికీ అంతే, నలభై నాలుగు కిలోల నాకూ అంతే. బరువును బట్టి మార్చనక్కర్లేదని ముందే తేల్చుకున్నారట. దుష్ఫలితాలు ఆడవాళ్లలో ఎక్కువని తర్వాత చాలా అధ్యయనాలు రాశాయి. లెక్కల టీచరుకు ఇది మింగుడుపడే లెక్క కాదు.

2018 నాటికి నా రక్తంలో బీసీఆర్-ఏబీఎల్ 0.01 శాతం కన్నా కింద ఉండబట్టి మూడేళ్లు దాటింది. పీసీఆర్ పరీక్షలో వచ్చే ఈ అంకె మీలో మందు వేసుకునే వాళ్లందరికీ నోటికి రావాలి. 0.1 కంటే తక్కువైతే మంచిది, 0.01 కంటే తక్కువైతే చాలా మంచిది. ఆ ధైర్యంతో అడిగాను, డోసు తగ్గించడానికి వీలుంటుందా అని.

మొదటి డాక్టరు నావైపు చూడలేదు. పక్కన కూచున్న మా ఆయనతో, "మేడంగారికి కాస్త ధైర్యం చెప్పండి సార్" అన్నాడు. జబ్బు నాది, ఫైలు నాది, ఫీజు కట్టింది నా జీతంలోంచి. రెండో ఆయన, "ప్రాణం నిలబడింది కదమ్మా, కాళ్లు పట్టేయడం ఒక లెక్కా?" అన్నాడు. మూడో చోట లేడీ డాక్టరు. ఆడమనిషి కదా వింటుందని ఆశపడ్డాను. కాల్షియం, నిద్రమాత్ర రాసి, "టెన్షన్ తగ్గించుకోండి" అంది. ఆడవాళ్లు చెప్పే నొప్పికి మన ఆస్పత్రుల్లో ఉన్న పాతపేరే టెన్షన్.

ఆ డాక్టర్ల భయం ఉత్తది కాదు, అదీ చెప్పాలి. జబ్బు అదుపులోకి రాకముందే మందు తగ్గిస్తే మందుకు లొంగని కణాలు పెరుగుతాయి. లండన్‌లో 87 మందిని గమనించి 2010లో ప్రచురించారు. మందు 90 శాతం కన్నా ఎక్కువ సరిగ్గా వేసుకున్నవాళ్లలో ఆరేళ్లకు నూటికి 94 మంది మంచి స్థితికి వచ్చారు, అంతకన్నా తక్కువ వేసుకున్నవాళ్లలో 28 మందే. విమానాశ్రయంలో శుభ్రం చేసే పని చేసే ఒక చెల్లె నాకు తెలుసు. 2008లో ఎయిర్‌పోర్టు తెరిచాక ఈ చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు పొలం పనుల్లోంచి అటు పోయారు కదా, అట్లా పోయినామె. నైట్ డ్యూటీలో వాంతులు ఆగక, ఎవరికీ చెప్పకుండా గోలీ సగం విరిచి వేసుకుంది. డాక్టరుతో చెప్తే తిడతాడని చెప్పలేదు. పరీక్షలో అంకె పెరిగాక ఆమెకు ఆ మందు పనిచేయడం మానేసింది, వేరే మందుకు మార్చారు. తప్పు ఆమెదని నేనను. నోరు విప్పి చెప్పుకునే చోటు లేనప్పుడు మనిషి చాటుగానే చేస్తుంది. కానీ మీరెవరూ అట్లా చెయ్యొద్దు. సొంతంగా తగ్గించుకోవడం వేరు, పరీక్షలు చేయించుకుంటూ డాక్టరు చేత తగ్గించుకోవడం వేరు.

రెండోదానికి ఆధారం ఉంది. బ్రిటన్‌లో డెస్టినీ అనే అధ్యయనం చేశారు, 2017లో, 2019లో ఫలితాలు వచ్చాయి. మూడేళ్లకు తక్కువ కాకుండా మందు వాడి, జబ్బు నిలకడగా అదుపులో ఉన్న 174 మందికి ఏడాదిపాటు సగం డోసు ఇచ్చారు, నెలనెలా పరీక్ష చేశారు. 12 మందికి అంకె పెరిగింది. అందులో 9 మంది 0.1 స్థాయి దగ్గర ఉన్నవాళ్లు, 0.01 కింద స్థిరంగా ఉన్న వందమందికి పైగా మనుషుల్లో ముగ్గురే. పెరిగిన వాళ్లందరూ పూర్తి డోసుకు మారిన కొద్ది నెలల్లోనే మళ్లీ అదుపులోకి వచ్చారు. ఒంటి బాధలు మొదటి మూడు నెలల్లోనే తగ్గాయి. అంతకుముందు, 2010లో ఫ్రాన్సు వాళ్లు వంద మందికి మందు పూర్తిగా ఆపి చూశారు. నూటికి అరవై మందికి తిరగబెట్టింది, ఎక్కువగా ఆరు నెలల్లోపే. ఆపడం కన్నా తగ్గించడం నెమ్మదైన దారి అని నాకర్థమైంది.

మా మేనకోడలు ఆ వ్యాసం ప్రింటు తీసిచ్చింది. నా పీసీఆర్ అంకెలన్నీ తేదీల వారీగా ఒకే కాగితం మీద గ్రాఫు గీసుకుని 2021లో నాలుగో డాక్టరు దగ్గరికి పోయాను. ఈసారి ఒక్కదాన్నే. "డోసు తగ్గించండి" అనలేదు. "ఏ పరిస్థితిలో అయితే మీరు తగ్గించడానికి ఒప్పుకుంటారు? నాకు అందులో ఏది తక్కువైంది?" అన్నాను. ఆయన గ్రాఫు చాలాసేపు చూశాడు. తర్వాత షరతులు చెప్పాడు. ముందు 300, మూడు నెలల తర్వాత 200. పరీక్ష నెలనెలా, ఒకే ల్యాబులో. అంకె 0.1 దాటితే మాట్లాడకుండా 400కి వెనక్కి. పరీక్ష ఖర్చు వేలల్లో ఉంటుంది, పెట్టుకోగలరా అని కూడా అడిగాడు. ఆ ప్రశ్న నాకు నచ్చింది. నన్ను మనిషిగా లెక్కలోకి తీసుకున్న మొదటి ప్రశ్న అది. ఇప్పుడు 200 మీదే ఉన్నాను, అంకె కదలలేదు. రాత్రి నిద్రపోతున్నాను.

అందరికీ ఇది కుదరదు. కొత్తగా జబ్బు బయటపడ్డవాళ్లు, అంకె ఇంకా దిగనివాళ్లు, ఒకసారి మందు మార్చాల్సి వచ్చినవాళ్లు తొందరపడకూడదు.

మనదేశంలో ఈ జబ్బు పాశ్చాత్య దేశాల కన్నా చిన్న వయసులో, ముప్ఫైల్లో, నలభైల్లో వస్తుంది. అంటే పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లకు. ఈ మందు మీద ఉండగా గర్భం వస్తే, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, బిడ్డకు అవకరాలు వచ్చే ప్రమాదం ఉంది. జబ్బు లోతుగా అదుపులో ఉన్నప్పుడు ముందే ప్లాన్ చేసుకుని మందు ఆపి, పరీక్షలు చేసుకుంటూ బిడ్డను కన్నవాళ్లున్నారు. మధ్యలో జబ్బు లేస్తే ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు ఇస్తారు. ఈ మాట పెళ్లయిన ప్రతి అమ్మాయికీ మందు రాసిన రోజే చెప్పాలి. చెప్పడం లేదు. "ఇంకెప్పుడే కోడలా" అని అత్తగారు ఒకవైపు, "పిల్లల ఊసెత్తకు" అని డాక్టరు ఇంకోవైపు, నడుమ ఆ పిల్ల ఒక్కతే.

2008 జనవరిలో సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో తీర్పు చెప్పింది. పరీక్ష కోసమని మత్తు ఇచ్చి, ఆమె తల్లి ఒప్పుకుందని గర్భసంచి తీసేశారు. మేజరైన మనిషికి బదులు తల్లి సమ్మతి చెల్లదని, చికిత్సలో లాభనష్టాలు, వేరే దారులు రోగికే చెప్పాలని కోర్టు అంది. తల్లి సమ్మతే చెల్లనప్పుడు పక్క కుర్చీలోని మొగుడితో మాట్లాడితే సరిపోతుందా? రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోవడం కూడా హక్కేనని 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో ఉంది. ఇంకో డాక్టరు దగ్గరికి పోతే పాత డాక్టరుకు ద్రోహం చేసినట్టు కాదు.

మీలో ఈ మందు వాడేవాళ్లు ఎవరైనా ఉంటే, రిపోర్టులు తేదీ వరసన పెట్టుకోండి. పీసీఆర్ అంకె పక్కన ఐఎస్ అనే రెండు అక్షరాలు ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే ఒక ల్యాబు అంకెను ఇంకో ల్యాబు అంకెతో పోల్చలేరు. రిపోర్టులు పోయినవాళ్లు ఆస్పత్రికి రాతపూర్వకంగా అడగండి, 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లో ఉంది. ఆ దరఖాస్తు తెలుగులో రాసి, జిరాక్సులు తీయించి తెచ్చాను. బయట మంచినీళ్ల బిందె పక్కన బల్ల మీద ఉన్నాయి, తీసుకోండి.