పేషెంటు మాట పేషెంటే చెప్పాలి

(ఆలయ ఆరోగ్య సదస్సులో ఒక వాలంటీరు చేసిన ప్రసంగ పాఠం)



ముందే చెబుతున్నాను, నేను డాక్టర్ని కాను. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. మన సేవా బృందం తరఫున సభ్యులను ఆసుపత్రికి తీసుకెళ్ళడం, అక్కడినుంచి వచ్చే ఉత్తరాలు చదివి పెట్టడం నా పని. మెదడులోనో వెన్నుపాములోనో కణితి ఉందని తెలిసిన కొన్ని కుటుంబాలతో అలా తిరిగాను. వాళ్ళ పేర్లు చెప్పను. వాళ్ళ వెంట ఉండి తెలుసుకున్న సంగతులు మాత్రం చెబుతాను.

ఈ వైద్యానికి లండన్‌లో పాత చరిత్ర ఉంది. 1884లో రిక్‌మన్ గాడ్లీ అనే సర్జన్ ఒక పేషెంటు మెదడులోంచి కణితి తీశారు. ఆ పేషెంటు ఇన్‌ఫెక్షన్ వల్ల బతకలేదు. 1887లో క్వీన్ స్క్వేర్ ఆసుపత్రి సర్జన్ విక్టర్ హార్స్‌లీ వెన్నుపామును నొక్కుతున్న కణితిని తీస్తే, కాళ్ళు పడిపోయిన మనిషి మళ్ళీ నడిచారు. అప్పటికి ఎక్స్‌రే కూడా రాలేదు. మరి కణితి ఎక్కడుందో ఎలా తెలిసింది? నొప్పి ఎక్కడ, ఏ వేలు కదలడం లేదు, ఎప్పటినుంచి అని అడిగి, ఒళ్ళంతా పరీక్షించి తెలుసుకున్నారు. పేషెంటు చెప్పిన మాటే వాళ్ళకు దారి చూపింది.

ఇప్పుడు ఎమ్మారై ఉంది. ఒక్క డాక్టరే అన్నీ నిర్ణయించడం కూడా ఉండదు. న్యూరోసర్జన్, క్యాన్సర్ డాక్టరు, స్కాన్ చదివే నిపుణులు, కణితి ముక్కను పరీక్షించే నిపుణులు, స్పెషలిస్ట్ నర్స్ కలిసి కూర్చుని ఒక్కొక్క పేషెంటు గురించి చర్చిస్తారు. దీన్ని ఎమ్‌డీటీ అంటారు. ఆ మీటింగులో మన కేసు ఏ రోజు వస్తుంది, ఫలితం మనకు ఎవరు చెబుతారు అని అడగండి. స్పెషలిస్ట్ నర్స్ పేరు, ఫోన్ నంబరు రాసుకోండి. మధ్యలో ఏ సందేహం వచ్చినా ముందు ఆవిడకే ఫోన్ చేయాలి.

ఊరినుంచి చుట్టాలు ఫోన్ చేసి మొదట అడిగేది, "ఎన్నో స్టేజ్ అట?" అని. మెదడులో పుట్టిన కణితులకు సాధారణంగా స్టేజ్ చెప్పరు, గ్రేడ్ చెబుతారు. 1 నుంచి 4 దాకా. ఎంత వేగంగా పెరిగే రకమో దాన్నిబట్టి తెలుస్తుంది. ఈ కణితుల్లో వందకు పైగా రకాలున్నాయి. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన వర్గీకరణ ప్రకారం చాలా రకాలకు జన్యు పరీక్ష చూశాకే పేరు పెడతారు. అందుకే ఆపరేషన్ తర్వాత రిపోర్టుకు కొన్ని వారాలు పట్టవచ్చు. అంతమాత్రాన మనల్ని పట్టించుకోవడం లేదని కాదు.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న విషయం. ఒక పెద్దాయన అపాయింట్‌మెంటుకు వెళ్ళాం. ఎలా ఉన్నారని డాక్టరు అడిగితే కొడుకు "బాగానే ఉన్నారు" అన్నాడు. తర్వాతిసారి ఇంటర్‌ప్రెటర్ వచ్చారు. ఆవిడ తెలుగులో అడిగేసరికి పెద్దాయన, "పదిహేను రోజులుగా అన్నం కలుపుతుంటే వేళ్ళు నా మాట వినడం లేదమ్మా. అబ్బాయి కంగారు పడతాడని చెప్పలేదు" అన్నారు. ఆ రోజే మందు మార్చారు, స్కాన్ ముందుకు జరిపారు.

కొడుకు తప్పేమీ లేదు. ప్రేమ కొద్దీ తండ్రి దాచాడు, ప్రేమ కొద్దీ కొడుకు సర్ది చెప్పాడు. కానీ ఈ జబ్బులో ఆ చిన్న మాటే డాక్టర్లకు కావాలి. ఎన్‌హెచ్ఎస్‌లో ఇంటర్‌ప్రెటర్‌కు పేషెంటు డబ్బు కట్టనక్కర్లేదు. తెలుగువాళ్ళు దొరకడానికి టైమ్ పడుతుంది కాబట్టి అపాయింట్‌మెంట్ ఉత్తరం వచ్చిన రోజే అడగండి.

"నాన్నగారికి చెప్పొద్దు" అని డాక్టరును బతిమాలే వాళ్ళున్నారు. ఇక్కడ అది కుదరదు. అర్థం చేసుకోగలిగిన పెద్దమనిషి ఒప్పుకుంటేనే ఆపరేషన్. "నాకు వివరాలు వద్దు, మా అబ్బాయితో మాట్లాడండి" అని ఆయనే అంటే దాన్ని గౌరవిస్తారు. ఆ మాట ఆయన నోటినుంచే రావాలి.

మాటకు సంబంధించిన భాగం దగ్గర కణితి ఉంటే కొందరికి మెలకువగా ఉంచి ఆపరేషన్ చేస్తారు. మెదడుకు నొప్పి తెలియదు. బొమ్మలు చూపించి పేర్లు చెప్పమంటూ, సన్నని కరెంటుతో తాకి చూస్తారు. మాట ఎక్కడ ఆగిపోతే ఆ చోటును వదిలేస్తారు. రెండు భాషలు వచ్చినవాళ్ళలో కొన్ని చోట్లు ఒక భాషకే పనిచేయవచ్చు. కాబట్టి ఇంట్లో, మనసులో మాట్లాడుకునేది తెలుగేనని ఆపరేషన్‌కు ముందే చెప్పండి. ఆఫీసు ఇంగ్లీషు మిగిలి, అమ్మతో మాట్లాడే భాష పోతే ఎలా?

మరికొన్ని విషయాలు. వాపు తగ్గడానికి ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకూడదు. ఏకాదశి ఉపవాసం ఉండాలన్నా, ఆయుర్వేదం మందు వేసుకోవాలన్నా ముందు నర్స్‌ను అడగండి. మెదడులో కణితి ఉందని తెలిస్తే డీవీఎల్ఏకు చెప్పాలి. చెప్పకపోతే 1,000 పౌండ్ల దాకా జరిమానా పడవచ్చు. కారు గురించి దిగులు వద్దు, మన వాలంటీర్లున్నారు.

కొత్తగా ఫిట్స్ రావడం, తెల్లవారుజామున తలనొప్పితో వాంతులు, మాటలోనో చూపులోనో స్వభావంలోనో మార్పు కనిపిస్తే "పని ఒత్తిడిలే" అనుకోకుండా డాక్టరుకు చూపించండి. వెన్నునొప్పితోపాటు కాళ్ళు బలహీనపడినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం అదుపు తప్పినా జీపీ కోసం ఆగొద్దు, అప్పటికప్పుడే ఎమర్జెన్సీకి వెళ్ళాలి. వెన్నుపాము విషయంలో గంటలు కూడా లెక్కే.

గుడిలో అర్చన చేయించండి, హోమం చేయించండి. అలాగే ఆసుపత్రి ఉత్తరం వస్తే ఆలయ ఆఫీసులో ఒక మాట చెప్పండి. తోడుగా మేం వస్తాం. పక్కన కూర్చుంటాం, రాసుకుంటాం. జవాబు మాత్రం పేషెంటునే చెప్పనిద్దాం.